ఎల్లుండి రండి

ఆగస్టు 2, శనివారం

పసుపు రంగు డ్రెస్సు. ముందు దాన్నే గుర్తుపట్టాను, నా మొహం తర్వాత.

కింది అంతస్తు వదిన మందుల షాపు మూసి ఇంటికి వస్తూ మా తలుపు తట్టింది. నేను సోఫాలో పడుకునే ఉన్నాను. చెప్పులైనా విప్పకుండా ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టి, "వదినా, ఇది నువ్వేగా?" అంది.

నేనే. మానసిక చికిత్స విభాగం వెనకవైపు మెట్లు. ఆకుపచ్చ గోడ, ఇనప రెయిలింగు. ఎక్కుతున్నాను. పైమెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, ఏదో ఘనకార్యం చేసినదానిలా నవ్వుతున్నాను. కింద నుంచి మగ గొంతు, వెన్న రాసినట్టు మెత్తగా: "చూశారుగా. అడ్డుపడింది శరీరం కాదు, భయం. భరోసా ఉంటే చాలు."

ఆ ప్రొఫెసరుని నేను భరోసా అనే పిలుస్తాను. అసలు పేరు ఇక్కడ రాయను. కాగితం పాడవుతుంది.

"మా పిల్లని ఈయన దగ్గరే చేర్పించాను," అంది వదిన. "కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ వీడియోనే చూపిస్తారట. నేనూ రోజూ చూపిస్తున్నా. పై అంతస్తు అత్త ఎక్కింది కదే, నువ్వెందుకు ఎక్కలేవు అని."

"నేను ఇప్పుడు ఎలా ఉన్నానో చూస్తున్నావుగా వదినా."

"అదీ అడిగాను సారుని. సాధన మధ్యలో మానేసినవాళ్ళకి భయం మళ్ళీ పట్టుకుంటుందట. నీదేం తప్పు లేదన్నారు పాపం." నా చెయ్యి నిమిరింది. "నిన్ను చూసే వదినా నాకీ ధైర్యం."

ఆవిడ వెళ్ళాక పళ్ళు నూరాను. దానికి ఓపిక అక్కర్లేదు.

ఆగస్టు 3

"లిఫ్టు మెకానిక్ పెళ్ళాం మెట్లెక్కి పేరు తెచ్చుకుంది." మా ఆయన జోకు. నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

ఆగస్టు 5

ఒకసారి రాసుకోవాలి. లేకపోతే ఆ వీడియోని నేనే నమ్మేసేట్టున్నాను.

ముందు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, నేను లేవలేదు. అప్పట్లో ఆడవాళ్ళకి కారు నేర్పే స్కూలు నాది. నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ వస్తుంటే శిష్యురాలు స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకుంటుంది. బండి ఆగేది ఆ రెండో బ్రేకు వల్లే. డాక్టర్లు నా రక్తం, నా గుండె, నా ఎముకలు అన్నీ చూసి అన్నీ బాగున్నాయన్నారు. క్రానిక్ ఫెటీగ్ అన్నారు. అంటే దీర్ఘకాలపు అలసటట. ఇల్లు తగలబడుతుంటే కాస్త ఉక్కగా ఉందన్నట్టు.

భరోసా దగ్గరికి పంపారు. మంచివాడు. అదే నా ఏడుపు. కసురుకునే రకమైతే రెండో వారమే లేచి వచ్చేసేదాన్ని. కుర్చీ దగ్గరగా లాక్కుని, నేను చెప్పిందంతా విని, "మీరు బ్రేకు మీద కాలు పెట్టుకుని బతుకుతున్నారమ్మా. కాలు తీసేయండి," అన్నాడు. నా పనిలోంచి మాట తీసి నాకే తగిలించాడు. పొంగిపోయాను. వారం వారం నడక పెంచాను. ఒళ్ళు వద్దంటే దాని మాట వినకూడదన్నారు. వినలేదు.

చివరి రోజు కెమెరా ఉంటుంది, కాస్త మంచి రంగు వేసుకురమ్మన్నారు. ఎక్కాను. నవ్వాను. ఆయన మొహంలో సంతోషం చూస్తే ఎవరైనా నవ్వుతారు. ఆ రోజు బాగానే ఉన్నాను. మర్నాడు ఇల్లు కూడా సర్దాను.

ఈ జబ్బు గుణమే అంత. చేసిన రోజు ఏమీ అనదు. ఎల్లుండి వచ్చి పీక పట్టుకుంటుంది. కర్టెన్లు వేసిన ఆ గదిలోనే ఎండాకాలం వెళ్ళిపోయింది, వానలు వచ్చాయి. మా ఆయన పనికి పోయేముందు చెంచాతో పాలు తాగించి పోయేవాడు. మధ్యలో ఒకరోజు భరోసా పరిశోధనకి ఆఖరి కొలతలు తీయాలి, క్లినిక్కి రమ్మని ఫోను చేశారు. మంచం దిగలేని మనిషి ఎలా వస్తుందన్నాడు మా ఆయన. "పరవాలేదండీ, రాలేనివాళ్ళని లెక్కలోంచి తీసేస్తాం," అన్నారు, ఎంతో మర్యాదగా.

వచ్చినవాళ్ళంతా నడిచి రాగలిగినవాళ్ళే. వాళ్ళని నడిపించి చూసి, రోగులు నడుస్తున్నారని పుస్తకం రాశాడు.

ఆగస్టు 8

పేపర్లో భరోసా ఇంటర్వ్యూ. వేరే డాక్టర్లు కొందరు ఆయన పరిశోధన తప్పని ఎప్పటినుంచో గొడవ చేస్తున్నారు. దానికి ఆయన జవాబు: "సైన్సులో చర్చ మంచిదే. కానీ కొందరు రోగులు నా మీద కక్ష కట్టారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ కోపం కూడా జబ్బులో భాగమే."

అంటే నేను మండిపడితే జబ్బు. ఊరుకుంటే నయమైంది.

కట్టాను సారూ. కక్షే కట్టాను.

ఆయన్ని ఒక గదిలో పడుకోబెట్టాలి. కళ్ళలోకి లైటు వేయాలి. పళ్ళు తోముకునే ఓపిక కూడా లేకుండా చెయ్యాలి. పక్కన కుర్చీ దగ్గరగా లాక్కుని, వెన్న రాసినట్టు మెత్తగా, భరోసా, భరోసా అని చెవిలో జోరీగలా పాడాలి. ఈ ఊహతో మధ్యాహ్నమంతా హాయిగా గడిచింది.

ఆగస్టు 12

నమ్మలేకపోతున్నాను. వాళ్ళే ఫోను చేశారు.

విభాగం వార్షికోత్సవం, సెప్టెంబరు 13. డాక్టర్లు, కొత్తగా శిక్షణ తీసుకునేవాళ్ళు, రోగుల కుటుంబాలు, అందరూ వస్తారట. "మీరు స్టేజి మెట్లు ఎక్కి వచ్చి కనిపిస్తే చాలు మేడమ్, మాట్లాడాల్సిన పని కూడా లేదు," అంది ఆఫీసమ్మాయి. వస్తానన్నాను. అడిగిన మరుక్షణమే అన్నాను, ఆ అమ్మాయే కంగారుపడింది.

మైకు ఉంటుంది. హాలు నిండా జనం ఉంటారు. ఉతికి ఆరేస్తాను.

ఆగస్టు 13

మా ఆయనకి చెప్పాను. ఆయన లిఫ్టు పనికి వాడే పానాలు కడుక్కుంటూ విన్నాడు. చేతులు తుడుచుకున్నాక అన్నాడు:

"నువ్వు స్టేజి ఎక్కావంటే ఆయన గెలిచినట్టే. చూశారా, ఎక్కింది, పైగా తిట్టే ఓపిక కూడా ఉంది అంటారు. ఎక్కలేకపోయావనుకో, నువ్వక్కడ ఉండనే ఉండవు. ఎటు తిప్పినా దెబ్బ నీకే."

"మీరు లిఫ్టులు చూసుకోండి."

"అదే చూసుకుంటున్నా. ఇరుక్కున్న మనిషిని చూస్తే నాకు తెలుస్తుంది."

మాటలు బంద్.

ఆగస్టు 16

ఓపిక దాచుకుంటున్నాను. తల దువ్వుకోలేదు. మాటలు బందు కాబట్టి అదీ మిగులే.

ఆగస్టు 19

ప్రసంగం పడుకునే తయారు చేస్తున్నాను. మొదటి వాక్యం కుదిరింది: "ఈయన నయం చేసింది నన్ను కాదు, తన పుస్తకాన్ని." బాగుంది. రెండోది కుదరడం లేదు. ఏ వాక్యం మొదలుపెట్టినా స్టేజి మీద నిలబడి ఉన్నాను. నిలబడి, నేను నిలబడలేనని చెబుతున్నాను.

మా ఆయన మాట నిజమని కాదు.

ఆగస్టు 22

లిఫ్టులో కిందికి దిగి వదిన కూతుర్ని చూసి వచ్చాను. రాసే ఓపిక ఉండగానే రాయాలి.

ఆ పిల్లకి నేను పెట్టిన పేరు హాఫ్ క్లచ్. కారు నేర్పే రోజులు పోయాక నాకు దొరికిన ఒక్కతే ఒక్క శిష్యురాలు. మా సోఫా ముందు మూడు చెప్పులు వరసగా పెట్టి, ఇది క్లచ్చి, ఇది బ్రేకు, ఇది యాక్సిలరేటరు అని పడుకునే నేర్పాను. క్లచ్చి సగం వదిలి, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆపడం చెప్పుల మీదే వచ్చేసింది దానికి. లైసెన్సు మొదటిసారికే తెచ్చుకుని, కీచైను ఊపుకుంటూ మా ఇంటికొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి జ్వరం.

ఇప్పుడు కిటికీకి దుప్పటి కట్టి ఉంది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్నే ఒక అంతస్తు ఎక్కించిందట వాళ్ళమ్మ. వచ్చే వారం నుంచి రెండు.

"అత్తా, నువ్వెలా ఎక్కావు?" అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"తెలివితక్కువగా ఎక్కాను."

నవ్విందనుకుంటాను, భుజం కదిలింది. కాసేపయ్యాక, "క్లినిక్కి వెళ్ళిన రోజు బాగానే ఉంటానత్తా. సారు చూసేది ఆ రోజే. ఎల్లుండి ఎలా ఉంటానో అమ్మ ఒక్కతే చూస్తుంది. అమ్మ దాన్ని మొండితనం అనుకుంటోంది," అంది.

గుమ్మం బయట వదిన కళ్ళు తుడుచుకుంటోంది. రాక్షసి కాదు. కూతురు లేచి తిరగాలని, అంతే. "నాకేమన్నా సరదానా వదినా, ఏడుస్తుంటే ఎక్కించడం? నీ వీడియో లేకపోతే ఎప్పుడో మానేసేదాన్ని," అంది.

వద్దు, ఆపేయమన్నాను. నేను భయం మళ్ళీ పట్టుకున్నదాన్ని కదా, నా మాట ఎందుకు వింటుంది. పసుపు డ్రెస్సుదాని మాట వింటుంది.

ఇది ఆ పిల్ల కోసం చేస్తున్నాను. నాకోసం కాదు.

ఆగస్టు 24

పడింది దెబ్బ. పరామర్శకి వెళ్ళిన పాపానికి.

ఆగస్టు 29

ఇవాళ భరోసా స్వయంగా ఫోను చేశాడు. "మీరు వస్తున్నారని తెలిసి ఎంత ఆనందపడ్డానో చెప్పలేనమ్మా. కారు స్కూలు మళ్ళీ తెరిచారా?" గుర్తుపెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత గుర్తుపెట్టుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తెరిచానండీ అని చెప్పి ఆయన్ని సంతోషపెట్టాలనిపించింది.

ఫోను పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇలాగే కదా ఆ రోజు నవ్వింది.

సెప్టెంబరు 2

ఎల్లుండి.

హాఫ్ క్లచ్ చెప్పిన మాట ఇన్నాళ్ళూ బుర్రలో పడి ఉంది, ఇవాళ తగిలింది. మాటలతో కొట్టడమేమిటి నా మొహం. ఆయనకి మాటలతో ఎవరూ సరిపోరు. స్టేజి ఎక్కుతాను. నవ్వుతాను కూడా. అందరి ముందూ ఆయన్ని మా ఇంటికి పిలుస్తాను. ఎల్లుండి రమ్మంటాను. కెమెరా తెమ్మంటాను. కింది నుంచి వదినని కూడా పిలిపిస్తాను.

ఆయన ఎప్పుడూ చూడని రోజుని ఆయన కళ్ళతో చూపిస్తాను. తన చేత్తో తనే వీడియో తీసుకోవాలి.

మా ఆయనతో మాట్లాడాను. "ఆ ఎల్లుండి పడేది ఆయన కాదు కదా," అన్నాడు.

"పడితే పడతాను."

"లేవకపోతే?"

మాటలు మళ్ళీ బంద్.

సెప్టెంబరు 7

కింద మెట్ల మీద ఆ పిల్ల అడుగుల చప్పుడు. ఒకటి, ఆగడం. ఒకటి, చాలాసేపు ఆగడం. వదిన గొంతు: "ఇంకొక్కటి, మా అమ్మవి కదూ."

దిండు చెవుల మీద వేసుకున్నాను.

సెప్టెంబరు 12

మా ఆయన పసుపు డ్రెస్సు ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాడు. వదులైంది నాకు. పిన్నులు పెట్టుకుంటాను.

సెప్టెంబరు 13, శనివారం

ఇప్పుడే రాయాలి. రేపు రాయగలనో లేదో.

హాలు కిటకిటలాడింది. ముందు వరసలో శిక్షణ తీసుకుంటున్న పిల్లలు, మెడలో కార్డులు వేసుకుని. వెనక రోగుల తల్లులూ తండ్రులూ, అందులో వదిన. రోగులు పెద్దగా లేరు. రాలేనివాళ్ళని లెక్కలోంచి తీసేసి ఉంటారు. తెర మీద నా వీడియో వేశారు. అది అయిపోగానే దీపాలు వెలిగించి, "ఇప్పుడు ఆవిడే మన ముందుకి వస్తున్నారు," అన్నాడు భరోసా.

ఎక్కాను. జుట్టు తెల్లబడింది ఆయనకి. రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని కడుపు మండాలి కదా. కొంచెం బాగుంది కూడా. అబద్ధం ఎందుకు రాసుకోవడం.

మైకు తీసుకున్నాను. "సారూ, మీరు నా నడక చూశారు కానీ నా ఇల్లు చూడలేదు. ఎల్లుండి మా ఇంటికి రావాలి. ఈ కెమెరా కూడా తెచ్చుకోండి. వస్తానని ఇంతమంది ముందు మాటివ్వండి."

మొహం వెలిగిపోయింది ఆయనకి. "ఇంతకన్నా ఏం కావాలమ్మా. తప్పకుండా వస్తాను." మళ్ళీ చప్పట్లు.

ఇంటికొచ్చాక మా ఆయన లిఫ్టు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నేను మెట్లవైపు తిరిగాను.

"చాలు. ఇప్పటిదాకా చేసింది చాలు. లోపలికి రా."

"సరిపోకపోతే? ఎల్లుండి నేను బాగుంటే?"

"బాగుంటే బాగుంటావు. ఏం కొంప మునుగుతుంది?"

ఎక్కాను. అన్ని అంతస్తులూ ఎక్కాను. వెనకాలే వచ్చాడు. లిఫ్టు మెకానిక్కు, ఖాళీ లిఫ్టు కింద వదిలేసి.

సెప్టెంబరు 14

బాగానే ఉన్నాను.

ఇదేం ఖర్మ. కాళ్ళు కాస్త పీకుతున్నాయి, అంతే. బట్టలు కూడా మడతపెట్టాను. ఇన్నేళ్ళూ ఇది రాకూడదని వణికినదాన్ని, ఇవాళ గుమ్మంలో చుట్టం కోసం చూసినట్టు చూస్తున్నాను. రాకపోతే రేపు నవ్వుతూ ఆయన్ని కూర్చోబెట్టి కబుర్లు చెప్పాలి.

మా ఆయన మొహంలో ఆశ కనబడుతోంది. నాకది భరించరానిదిగా ఉంది.

సెప్టెంబరు 15

వచ్చింది

అక్టోబరు. తారీఖు మా ఆయన్ని అడగాలి.

పెన్సిలుతో రాస్తున్నాను. పెన్ను బరువు. కొంచెం కొంచెంగా, కొన్ని రోజులుగా.

ఆ రోజు భరోసా వచ్చాడు. గదిలోకి వచ్చేసరికి చీకటి. మా ఆయన లైటు వేయనివ్వలేదు. నా కళ్ళ మీద తువ్వాలు ఉంది, ఆయన్ని చూడలేదు. చూడాలని ఎంత కోరుకున్నానో ఆ మొహాన్ని. చెప్పుల చప్పుడు విన్నాను, కుర్చీ దగ్గరగా లాగిన చప్పుడు విన్నాను. అదే కుర్చీ లాగడం.

"అమ్మా," అన్నాడు. "ఏమైందమ్మా?"

జవాబు చెప్పే నోరు లేదు నాకు. ఎంతో తయారుచేసుకున్నాను. "ఈయన నయం చేసింది నన్ను కాదు" దాకా ఉంది. నాలుక కదల్లేదు.

"మొన్న మెట్లెక్కింది కదండీ," అన్నాడు మా ఆయన. "అదే ఇది. తీసుకోండి వీడియో. మీరు మాటిచ్చారు."

ఆయన ఊపిరి వినిపించింది. ఆయనకి బాధేసింది, అది నాకు తెలుసు, గొంతులోనే ఉంది. మెత్తగా, నిజమైన జాలితో అన్నాడు:

"ఇవాళ వద్దులెండి. ఇలాంటప్పుడు తీయడం న్యాయం కాదు. అమ్మ బాగున్నప్పుడు చెప్పండి, వచ్చి తీసుకుంటాం."

అంతే. పాతికేళ్ళ పరిశోధన ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు, తనకి తెలియకుండానే. నా కసి తీరాలి. తీరలేదు. ఆయనకి తగల్లేదు. కెమెరా సంచీ జిప్పు వేసుకున్న చప్పుడు కూడా నెమ్మదిగా, నాకు ఇబ్బంది కలగకుండా.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి వదిన గొంతు వచ్చింది. ఆవిడ ఉన్న సంగతే మర్చిపోయాను.

"సారూ, అప్పుడు కూడా ఆవిడ బాగున్నప్పుడే తీశారా?"

"అంటే, చికిత్స పూర్తయిన రోజునమ్మా."

"ఆ తర్వాత వచ్చి చూడలేదా?"

"చూడండమ్మా, దానికొక పద్ధతి ఉంటుంది..."

"మా పిల్ల కూడా ఇలాగే పడుకుంటుంది సారూ. ఇలాగే, గోడవైపు తిరిగి. మొండితనం అనుకున్నా." తర్వాత చెప్పులు వేసుకోకుండా మెట్లు దిగిపోయిన అడుగులు విన్నాను.

భరోసా వెళ్తూ వెళ్తూ నా పాదాల దగ్గర దుప్పటి సర్దాడు. క్షమించను. దుప్పటి సర్దినందుకు అసలు క్షమించను.

అక్టోబరు

మెట్ల మీద చప్పుడు లేదు. మొన్నా లేదు, నిన్నా లేదు. ఇవాళ చెవులు రిక్కించి మరీ విన్నాను. లేదు.

నవంబరు 9

ఇవాళ దిండుకి ఆనుకుని కూర్చున్నాను. మునుపు సోఫా దాకా వెళ్ళేదాన్ని. ఇకముందు వెళ్తానో లేదో తెలియదు. మా ఆయన ఆ మాట ఎత్తడు, నేనూ ఎత్తను. ఆ పిల్ల కోసం చేశానని రాశాను ఆగస్టులో. నాకోసమే చేశాను. ఆయన్ని కొట్టబోతే దెబ్బ పక్కకి తప్పి మంచిచోట పడింది.

వదిన వచ్చి కూర్చుని వెళ్ళింది. పిల్లని లేపడం లేదట. దుప్పటి కట్టిన గదిలోనే, చాలా నెమ్మదిగా, కాస్త తింటోందట. "నీ చెప్పులు అడిగింది వదినా, ఎందుకో," అంది. మూడు చెప్పులూ పంపించాను.

సాయంత్రం విభాగం నుంచి ఫోను వచ్చింది. ఆఫీసమ్మాయి. కొత్త వీడియో తీయాలట, పాతది రంగు వెలిసిపోయిందట. "మేడమ్ ఎప్పుడు బాగుంటారో చెప్పండి సార్, ఆ రోజు వస్తాం," అంటోంది. మా ఆయన ఫోను చెవి దగ్గర పట్టుకునే నావైపు చూశాడు, ఏం చెప్పమంటావని.

గొంతు పెగలదు కానీ ఈ ఒక్కటి చెప్పగలిగాను. ఆయన వంగి విని, ఉన్నదున్నట్టు ఫోనులో చెప్పాడు.

"బాగాలేని రోజు ఏదైనా పరవాలేదటమ్మా. ఇవాళైనా రావచ్చట."

అవతల ఆ అమ్మాయి సారుని అడిగి చెబుతానంది.